హీరోయే డైరెక్టరైన బ్యాంకు దోపిడీ సినిమా: అపోహలు - వాస్తవాలు

2010లో వచ్చిన ‘ద టౌన్’ బోస్టన్ నగరంలోని చార్ల్స్‌టౌన్ పేట దొంగల కథ. చూసినవాళ్లు ముసుగుల గురించీ ఛేజ్ గురించీ చెప్పుకుంటారు. సినిమా తీసే పనిలో ఉన్నవాళ్లకు వచ్చే సందేహం వేరు: హీరో, డైరెక్టర్ రెండూ తానే అయిన బెన్ ఆఫ్లెక్ తుపాకీ పట్టుకుని షాట్‌లో ఉంటే, కెమెరా తీస్తున్నది చూపే తెర, అంటే మానిటర్ దగ్గర కూర్చున్నదెవరు?

అపోహ: నటించే రోజు డైరెక్షన్‌ను గాలికి వదిలేయాల్సిందే.

వాస్తవం: చూడాల్సింది ముందే చూసుకుంటారు. హీరో ఎత్తు, ఒంటి రంగు, బట్టలు ఉన్న మనిషిని, హీరో నిలబడాల్సిన చోట నేల మీద పెట్టిన గుర్తు మీద నిలబెట్టి లైటింగ్, ఫ్రేమ్, కెమెరా కదలిక మానిటర్‌లో ఖాయం చేసుకుంటారు. ఆ తర్వాతే హీరో ఆ గుర్తు మీదికి వెళతాడు. షాట్ నడిచేటప్పుడు కెమెరామన్, కో-డైరెక్టర్, షాటుకూ షాటుకూ మధ్య తేడా రాకుండా కంటిన్యూటీ చూసే మనిషి, ఈ ముగ్గురి కళ్లే దిక్కు. అందుకే ఇలాంటి సినిమాకు కొత్త కెమెరామన్‌ను పెట్టుకోవడం సాహసం. ‘ద టౌన్’కు పనిచేసిన రాబర్ట్ ఎల్స్‌విట్ అప్పటికే ఆస్కార్ అందుకున్నవాడు.

అసలు దెబ్బ పడేది ప్లేబ్యాక్ దగ్గర, అంటే తీసిన టేకును మానిటర్‌లో తిప్పి చూసుకునే దగ్గర. రోజుకు 25 షాట్లు, ఒక్కోదానికి 4 టేకులు, టేకు నిమిషం అనుకోండి. అన్నీ తిప్పి చూస్తే 100 నిమిషాలు హరీ! మధ్యాహ్నం తర్వాత వెలుతురు ఎవరి కోసమూ ఆగదు. కాబట్టి ‘ఓకే’ అనిపించిన ఒక్క టేకే చూడాలి. ఇంకో చిక్కుంది. ఎదుటి నటుడు డైలాగు చెబుతుంటే హీరో లోపల మార్కులు వేస్తుంటాడు. అది క్లోజప్‌లో కళ్లలో దొరికిపోతుంది. ఎదుటివాళ్ల క్లోజప్పులు ముందు తీసేస్తే, తన వంతు వచ్చేసరికి బేరీజు వేయడానికి ఏమీ మిగలదు.

అపోహ: ఆఫ్లెక్ మొదటిసారే రెండు పనులూ చేసేశాడు, అదృష్టం.

వాస్తవం: 2007లోనే ఒక సినిమాకు దర్శకత్వం వహించాడు. అందులో తాను నటించకుండా తమ్ముడితో చేయించాడు. రెండో సినిమాకే కెమెరా ముందుకొచ్చాడు.

అపోహ: లాకర్ గది తలుపు తెరవడం రెండు క్షణాల పని, హడావుడంతా సినిమా కోసమే.

వాస్తవం: ఈ విషయంలో సినిమాలే తొందరపడతాయి. మూడంకెల డయల్ తాళాన్ని మామూలుగా ఎడమకు నాలుగుసార్లు తిప్పి మొదటి అంకె మీద, కుడికి మూడుసార్లు తిప్పి రెండోదాని మీద, ఎడమకు రెండుసార్లు తిప్పి మూడోదాని మీద ఆపి, చివరికి మళ్లీ కుడికి ఆగేదాకా తిప్పాలి. అంకె కాస్త దాటితే వెనక్కి జరపడం కుదరదు, మొదటి నుంచి తిప్పాల్సిందే. పైగా టైమ్ లాక్ ఉంటే, గడియారం సమయం పూర్తయ్యేదాకా అంకెలు తెలిసినా తలుపు రాదు. ‘ద టౌన్’ మొదటి దోపిడీలో మేనేజరు చేతులు వణుకుతాయి, దొంగే ఆమెను కుదుటపరుస్తాడు. ప్రేమకథ మొత్తం ఆ వణుకు మీదే నిలబడింది. తలుపు రెండు క్షణాల్లో తెరుచుకుని ఉంటే ఆ సినిమాయే లేదు.

అపోహ: తుపాకీ పేలితే వచ్చే మంట కెమెరాకు దానంతటదే దొరుకుతుంది.

వాస్తవం: సెకనుకు 24 ఫ్రేములు తీసే ఫిల్మ్ కెమెరాలో ఒక్కో ఫ్రేముకు షట్టర్ (వెలుతురును లోపలికి వదిలే మూత) సుమారు 1/48 సెకను తెరుచుకుని, అంతసేపే మూసుకుంటుంది. తుపాకీ మంట సెకనులో కొన్ని వెయ్యో వంతులే ఉంటుంది. షట్టర్ మూసుకున్నప్పుడు పేలితే తెర మీద శబ్దమే తప్ప వెలుగుండదు. తర్వాత సీజీలో, అంటే కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో అతికిస్తారు. షూటింగులో పేల్చే ఉత్తుత్తి తూటా, అంటే బ్లాంకులో గుండు లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం మాత్రం మూర్ఖత్వం. దగ్గర నుంచి పేలితే ఆ గ్యాస్, మందు జారకుండా తూటాలో పెట్టే అడ్డుముక్క చాలు. 1984లో అమెరికాలో ఒక టీవీ నటుడు కణతకు బ్లాంకు పేల్చుకుని చనిపోయాడు.

అపోహ: ముసుగులు భయపెట్టడానికే.

వాస్తవం: సన్యాసినుల ముఖాలు పెట్టుకున్న ఆ దొంగలు భయపెట్టిన మాట నిజమే. కానీ ముసుగు వల్ల డైరెక్టర్‌కు దక్కే లాభం వేరే: లాంగ్ షాట్‌లో డూప్‌ను పంపి తాను మానిటర్ దగ్గర కూర్చోవచ్చు. డబ్బింగ్‌లో డైలాగు మార్చినా పెదాలు పట్టివ్వవు. నష్టం కూడా ఉంది. లోపల మాట ముద్దముద్దగా వస్తుంది, కళ్ల దగ్గర ఆవిరి పడుతుంది. మధ్యమధ్యలో తీయించకపోతే ఊపిరాడదు.

అపోహ: ఇది నిజంగా జరిగిన దోపిడీ.

వాస్తవం: చక్ హోగన్ నవల ఆధారం. ఊరికి దొంగల పేరుందన్నది నిజమే గానీ, అక్కడి మంచివాళ్లను తాము దాదాపు చూపలేదని సినిమా చివర్లో తీసినవాళ్లే ఒప్పుకున్నారు.

అపోహ: పది లక్షల డాలర్లు భుజానికి తగిలించుకుని పరుగెత్తొచ్చు.

వాస్తవం: డాలర్ నోటు సుమారు గ్రాము. వంద డాలర్ల నోట్లయితే 10 కిలోలు, సరే. ఇరవై డాలర్ల నోట్లయితే 50 కిలోలు, అంటే ఒక సిమెంటు బస్తా! ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కట్టకు పైనా కిందా మాత్రమే నోటు పెట్టి మధ్యలో తెల్లకాగితం కూరుతుంది. అది పర్వాలేదు, కాగితం బరువు కాగితానికి ఉంటుంది. సంచిలో థర్మాకోల్ నింపారో, నటుడి భుజం వంగదు, సంచి నడుం మీద ఎగురుతుంది, తెర మీద అందరికీ తెలిసిపోతుంది.