ఖాళీ విమానం, ఖాళీ రన్‌వే

రోజుకి రెండు మూడు చిన్న విమానాలు వచ్చిపోయే ఎయిర్‌పోర్ట్ అనుకోండి. ఒకరోజు పొద్దున్నే ఎక్కణ్ణుంచో పెద్ద జెట్ ఒకటి దిగుతుంది, చక్రాలు నేలకి తగిలి టైర్ల దగ్గర పొగ లేస్తుంది, ఇంక ఆగుతుందిలే అనుకునేలోపే ఇంజన్లు గట్టిగా అరిచి మళ్ళీ పైకి లేచిపోతుంది. ఏడెనిమిది నిమిషాలకి మళ్ళీ వచ్చి మళ్ళీ అదే పని. కంచె బయట నిలబడి చూసేవాళ్ళకి ఏదో ప్రాబ్లం వచ్చి దిగలేకపోతోందేమో అనిపిస్తుంది. అలాంటిదేం లేదు. లోపల ప్యాసింజర్లు లేరు, సామాను లేదు, కాక్‌పిట్‌లో ముగ్గురు, వెనక సీట్లలో వంతు కోసం చూస్తున్న కొత్త పైలట్లు కొంతమంది, అంతే. దీన్ని బేస్ ట్రైనింగ్ అంటారు.

అన్నీ సిమ్యులేటర్‌లోనే నేర్పేస్తున్నారు కదా, ఇదెందుకు అని అడగొచ్చు. నిజమే, చాలావరకు అక్కడే. ఇప్పటికే జెట్లు నడిపిన అనుభవం ఉంటే కొత్త మోడల్‌ని మొదటిసారి గాల్లోకి లేపేది ప్యాసింజర్లతోనే, పక్కన ట్రైనింగ్ కెప్టెన్ ఉంటాడు. కానీ ఫ్రెషర్ అయితే, యూరప్ రూల్స్ ప్రకారం మామూలుగా ఆరు ల్యాండింగ్‌లు నిజం విమానంలో చెయ్యాలి.

ఒకప్పుడు మాత్రం మొత్తం నిజం విమానంలోనే నేర్పేవాళ్ళు, ఇంజన్ ఫెయిల్యూర్‌తో సహా. అంటే కావాలనే గాల్లో ఇంజన్ పవర్ తగ్గించేసి, ఇప్పుడు దింపు చూద్దాం అనేవాళ్ళు. 1967 మార్చి 30న అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో డీసీ-8 అనే నాలుగింజన్ల జెట్ ఒకటి రెండు ఇంజన్లు లేనట్టు ల్యాండింగ్ ప్రాక్టీస్ చేస్తూ ఎయిర్‌పోర్ట్ పక్కనున్న ఇళ్ళ మీద, మోటెల్ మీద పడింది. విమానంలో ఉన్న ఆరుగురూ పోయారు, కింద ఇంకో 13 మంది. 1969 జూన్‌లో అదే దేశంలో వాషింగ్టన్ రాష్ట్రంలోని మోజెస్ లేక్‌లో కూడా ఇలాంటిదే, ఇంజన్ ఫెయిలయినట్టు ప్రాక్టీస్ చేస్తూ కాన్వెయిర్ 880 అనే జెట్ ఒకటి కూలింది, ఐదుగురిలో ముగ్గురు చనిపోయారు, కానీ కింద ఎవరికీ ఏమీ కాలేదు, ఎందుకంటే కింద ఎవరూ లేరు. నాకైతే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఖాళీ ఎయిర్‌పోర్ట్ ఎందుకో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ప్రమాదకరమైన పాఠాలు సిమ్యులేటర్‌లోకి వెళ్ళిపోయాయి, మిగిలిన కొంచెం జనం లేని చోటికి వెళ్ళింది.

ఆ మోజెస్ లేక్ కథ బాగుంటుంది. 1966లో మూతపడిన బాంబర్ల బేస్ అది, రన్‌వే 13,500 అడుగులు, అంటే నాలుగు కిలోమీటర్ల పైమాటే. 1968 నుంచి జపాన్ ఎయిర్‌లైన్స్ దాదాపు నలభయ్యేళ్ళు తన పైలట్లని పసిఫిక్ దాటించి అక్కడికే పంపింది. ఫ్రాన్స్‌లో షాతోరూ కూడా అంతే, 1967 దాకా అమెరికా ఎయిర్‌ఫోర్స్ వాడి వదిలేసిన బేస్, తర్వాత ఏ380 లాంటి రెండంతస్తుల భారీ విమానాలు వచ్చి ప్రాక్టీస్ చేసుకునే చోటయింది. యుద్ధాల భయంతో పోసిన పొడవాటి కాంక్రీట్ ఇలా పైలట్ స్కూలుకి పనికొచ్చింది. జపాన్ వాళ్ళు షిమోజిషిమా దీవిలో ఏకంగా ట్రైనింగ్ కోసమే మూడు కిలోమీటర్ల రన్‌వే కట్టి 1979లో తెరిచారు.

ఖాళీ విమానం అంటే అసలు వేరే పక్షి. ఎయిర్‌బస్ ఏ320 నిండుగా ఉంటే టేకాఫ్‌కి 78 టన్నుల దాకా ఉంటుంది, ఖాళీగా కొంచెం ఇంధనంతో యాభై టన్నులు కూడా ఉండకపోవచ్చు. రెండు ఇంజన్లు కలిపి తోసేది సుమారు 24 టన్నుల బలం. అంటే నిండుగా ఉన్నప్పుడు బరువులో మూడో వంతు కన్నా తక్కువ, ఖాళీగా ఉంటే సగం. అందుకే రాకెట్‌లా లేస్తుంది, ఇప్పటిదాకా సిమ్యులేటర్‌లో నిండు బరువుతో అలవాటైనవాడికి ఎత్తు మీటర్ గిర్రున తిరిగిపోతుంటే చెయ్యి వెనకబడిపోతుంది. దిగేటప్పుడు కూడా తేడానే, మామూలుగా గంటకి 250 కిలోమీటర్ల దగ్గర దిగేది 220 చాలు, కొంచెం ఎక్కువ స్పీడ్‌తో వచ్చాడా, నేల దగ్గరి గాలి దిండు మీద తేలుతూ పోతుందే తప్ప దిగదు.

అసలు పరీక్ష ఆ చివరి మూడు నాలుగు సెకన్లలో ఉంది. ఏ320 అయితే యంత్రం గొంతు ఫిఫ్టీ, ఫార్టీ, థర్టీ అని అడుగులు లెక్కపెడుతుంటుంది, విమానం సెకనుకి పన్నెండు అడుగులు కిందకి జారుతోంది, ఆ లెక్కలో ముక్కు ఎప్పుడు ఎంత ఎత్తాలో చేతికి తెలియాలి. సిమ్యులేటర్ ఆరు కాళ్ళ మీద ఊగే పెట్టె, టేకాఫ్‌లో వీపుని సీటుకి నొక్కినట్టు అనిపించడానికి అది చేసే పని పెట్టెని వెనక్కి వంచడం, అంతే, మిగతా మాయ గురుత్వాకర్షణ చేస్తుంది. బ్రహ్మాండంగా మోసం చేస్తుంది కానీ, నిజం నేల మీదికి దూసుకొస్తున్నప్పుడు కళ్ళకి, కడుపుకి తెలిసేది పూర్తిగా ఇవ్వలేదు.

చక్రాలు తగిలాక బ్రేక్ వెయ్యరు, ఇంజన్ల తోపుని ముందుకి మళ్ళించి ఆపే రివర్స్ థ్రస్ట్ ముట్టుకోరు. కొత్తవాడి పని ముక్కుని మధ్య గీత మీద నిటారుగా ఉంచడం ఒక్కటే. ఆ టైంలో ఇన్‌స్ట్రక్టర్ చేతులు తెగ కదుల్తుంటాయి, రెక్కల వెనకంచున ఉండే ఫ్లాప్స్, ముక్కు పైకీ కిందకీ సర్దే ట్రిమ్ రెండూ టేకాఫ్ స్థానానికి, ఇంజన్ పవర్ పెంచే థ్రస్ట్ లీవర్లు కొంచెం పైకి తోసి రెండు ఇంజన్లూ సమానంగా అందుకున్నాయా అని చూసుకుని, అప్పుడు గో అంటాడు. తేలిక పని కాదిది. 2018 ఫిబ్రవరి 28న ఎస్టోనియాలోని టాలిన్‌లో ఇలాగే టచ్ అండ్ గో, అంటే నేలకి తగిలి వెంటనే లేవడం, చేస్తున్న ఏ320 లేచీ లేవగానే ముక్కు మాట వినక మళ్ళీ కిందకి వచ్చి రెండు ఇంజన్లూ రన్‌వేకి కొట్టుకుంది, ఎలాగో ఒక చుట్టు తిరిగి వచ్చి రన్‌వే అందకముందే నేల మీద పడింది. లోపల ఏడుగురు, అందరూ బతికారు.

చిన్న ఎయిర్‌పోర్ట్ వాళ్ళ తలనొప్పులు వేరే. రన్‌వే మొత్తం బరువు కన్నా చక్రం చక్రం కింద పడే బరువునే ఎక్కువ పట్టించుకుంటుంది. 575 టన్నుల ఏ380కి నేలని మోసే పెద్ద చక్రాలు ఇరవై, 351 టన్నుల బోయింగ్ 777-300ఈఆర్‌కి పన్నెండే, భాగిస్తే రెండూ దాదాపు ఒకటే. ఫైర్ ఇంజన్ల లెక్కయితే విమానం పొడవు, లావు చూసి కేటగిరీ వేస్తారు, నంబరు పెరిగితే అగ్నిమాపక సరంజామా పెరగాలి. ఏ380 పొడవుకి తొమ్మిదో కేటగిరీ చాలు, కానీ దాని పొట్ట ఏడు మీటర్ల హద్దు దాటి 7.14 ఉంది, ఆ పద్నాలుగు సెంటీమీటర్ల వల్ల పదో కేటగిరీ అయింది.

కావాలని రాకుండా పొరపాటున వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. 2013 నవంబర్ 20 రాత్రి బోయింగ్ 787 విమానాల విడిభాగాలు మోసే డ్రీమ్‌లిఫ్టర్, అంటే పొట్ట ఉబ్బించిన 747, అమెరికాలోని విచిటాలో మెక్‌కానెల్ ఎయిర్‌ఫోర్స్ బేస్‌లో దిగాల్సింది పోయి దాదాపు అదే దిక్కుకి రన్‌వే ఉన్న చిన్న జబారా ఎయిర్‌పోర్ట్‌లో దిగేసింది. అక్కడి రన్‌వే 6,101 అడుగులే. రాత్రంతా లెక్కలు కట్టారు, దాటాల్సిన దూరం పది పదిహేను కిలోమీటర్లే కాబట్టి ఎక్కువ ఇంధనంతో పన్లేదు. మర్నాడు రన్‌వే చివర నిలబెట్టి, పూర్తి పవర్ ఇచ్చి వదిలితే ఆ భారీ పొట్ట హాయిగానే లేచిపోయింది.