ఇన్నర్ వీల్: భర్తల సభ్యత్వం నుంచి సొంత రాజ్యాంగం దాకా

ఏటా జులైలో జిల్లా పేజీల్లో ఇలాంటి ఫొటో ఒకటి కనిపిస్తుంది. మెడలో పదవికి గుర్తయిన కాలర్ వేసుకున్న కొత్త అధ్యక్షురాలు, పక్కన కార్యదర్శి, ముందు పంపిణీకి పెట్టిన కుట్టు మిషన్లు. కింద ‘ఇన్నర్ వీల్ క్లబ్ నూతన కార్యవర్గం’ అని రాసి ఉంటుంది. మహిళల సేవా సంస్థ అయిన దీన్ని, వృత్తి, వ్యాపారాల్లో ఉన్నవాళ్ల సేవా సంస్థ రోటరీకి మహిళా విభాగం అనుకునేవాళ్లే ఎక్కువ. పుట్టింది రోటరీ ఇళ్లలోనే అయినా దీని పాలన పూర్తిగా వేరు. ఇందులో రోటరీకి ఓటు లేదు.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌లో రోటరీ సేవా పనులకు సభ్యుల భార్యలూ చేయి కలిపారు. యుద్ధం ముగిశాక ఆ పని వదిలేసి ఇళ్లకే పరిమితం కావడం వాళ్లకు ఇష్టం లేకపోయింది. 1923 నవంబర్ 15న మాంచెస్టర్‌లోని హెరియట్స్ టర్కిష్ బాత్స్‌లో 27 మంది సమావేశమయ్యారు. స్నానశాలలో వాళ్లు కూర్చున్నది చల్లటి గదిలో. పిలిచినామె మార్గరెట్ గోల్డింగ్. 1924 జనవరి 10న క్లబ్ లాంఛనంగా మొదలైంది. ఇప్పటికీ ఆ తేదీనే ఇన్నర్ వీల్ దినంగా జరుపుకుంటారు.

గోల్డింగ్ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. ఆమె నర్సుగా శిక్షణ పొందారు, ఆ తర్వాత నర్సులకు కావలసిన దుస్తుల వ్యాపారం నడిపారు. వ్యాపారం, వృత్తి, సేవ... రోటరీ ఒక సభ్యుడిలో చూసే అర్హతలన్నీ ఆమెకున్నాయి. అయినా ఆమెకు ఆ తలుపు తెరుచుకోలేదు, కారణం ఆడమనిషి కావడమే. ‘రోటేరియన్ (రోటరీ సభ్యుడి) భార్య’ అన్న గుర్తింపుతోనే ఆమె సంస్థ కట్టాల్సి వచ్చింది. తర్వాత దశాబ్దాల పాటు నడిచిన సభ్యత్వ చర్చంతా ఇక్కడే మొదలైందని నాకనిపిస్తుంది.

1934లో బ్రిటన్, ఐర్లాండ్ క్లబ్బులన్నీ ఒక సంఘంగా ఏర్పడ్డాయి. తొలి అధ్యక్షురాలు గోల్డింగే. 1939లో ఆమె కన్నుమూశారు. ఇతర దేశాల్లోనూ క్లబ్బులు పెరిగాక 1967లో ఇంటర్నేషనల్ ఇన్నర్ వీల్ ఏర్పడింది. ఇప్పుడది 100కి పైగా దేశాల్లో, లక్షకు పైగా సభ్యులతో ఉంది. సభ్యుల సంఖ్యలో భారతదేశానిదే పైచేయి.

పాలన క్లబ్‌తో మొదలై జిల్లా (ప్రభుత్వ జిల్లా కాదు, కొన్ని క్లబ్బుల సమూహం), జాతీయ సంఘం, అంతర్జాతీయ బోర్డు దాకా వెళ్తుంది. నిబంధనలు మార్చాలంటే మూడేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ మహాసభ, అంటే కన్వెన్షన్‌లో క్లబ్బుల ఓటుతో తేలాల్సిందే. శతాబ్ది ఏడాది 2024లో ఆ కన్వెన్షన్ పుట్టినూరు మాంచెస్టర్‌లోనే జరిగింది. రోటరీ నీడ జిల్లాల నంబర్లలో మాత్రం ఇంకా ఉంది. విశాఖ, విజయవాడ వైపు రోటరీ 3020 అయితే ఇన్నర్ వీల్ 302. హైదరాబాద్ వైపు 3150 అయితే 315.

ఈలోగా రోటరీలోనే పెద్ద గొడవ నడిచింది. కాలిఫోర్నియాలోని డువార్టీ క్లబ్ 1977లో ముగ్గురు మహిళలను చేర్చుకుంటే మరుసటి ఏడాది దాని గుర్తింపు రద్దు చేశారు. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1987లో తీర్పు మహిళల పక్షాన వచ్చింది. 1989లో రోటరీ తన నియమాల్లోంచి ‘పురుషులకే’ అన్న షరతు తీసేసింది. 2022లో జెన్నిఫర్ జోన్స్ తొలి మహిళా అంతర్జాతీయ అధ్యక్షురాలయ్యారు.

మరి ఇన్నర్ వీల్ ఎందుకు? ఈ ప్రశ్న బయటా, లోపలా వచ్చింది. జవాబు సభ్యత్వ నియమంలో కనిపిస్తుంది. మొదట భార్యలకే ఉన్న చోటు తర్వాత రోటేరియన్ల, ఇన్నర్ వీల్ సభ్యుల బంధువులకూ దక్కింది. ఇప్పుడు ఏ చుట్టరికమూ లేని మహిళనైనా క్లబ్ సభ్యుల్లో ఎక్కువమంది ఒప్పుకుంటే ఆహ్వానించవచ్చు. ఇది మంచి మార్పు, చాలా ఆలస్యంగా వచ్చిన మార్పు కూడా. మన పట్టణాల్లో టీచర్లు, డాక్టర్లు, షాపులు నడిపేవాళ్లు భర్త ఏ క్లబ్‌లో ఉన్నాడన్న లెక్క లేకుండా ఇందులోకి రాగలుగుతున్నారు.

మారాల్సింది ఇంకొకటుంది. అధ్యక్ష పదవి ఏడాదే. ఒకరు బాలికల బడిలో మరుగుదొడ్ల పని మొదలుపెడితే, వచ్చే జులైలో కాలర్ చేతులు మారేసరికి కొత్తవారి ప్రాధాన్యం వేరే ఉంటుంది. ఎక్కువమందికి నాయకత్వం దక్కుతుందన్న మాట నిజమే. కానీ కనీసం మూడేళ్లు నడవాల్సిన పనులను కార్యవర్గంతో ముడిపెట్టకుండా విడిగా ఒక కమిటీకి అప్పగించడం ఏ క్లబ్‌కైనా సాధ్యమే, దానికి కన్వెన్షన్ దాకా ఆగనక్కర్లేదు.