థైరాయిడ్ క్యాన్సర్, ఎపిజెనెటిక్ పరీక్షలు: అపోహలు - వాస్తవాలు

సూదితో తీసిన థైరాయిడ్ కణాలను సూక్ష్మదర్శినిలో చూసి రిపోర్టు రాయడం నా వృత్తి. ‘ఎపిజెనెటిక్ పరీక్ష చేయిస్తే క్యాన్సరో కాదో తేలిపోతుందట కదా డాక్టర్ గారూ?’ అని అడిగేవారు ఈమధ్య ఎక్కువయ్యారు.

అపోహ: ఎపిజెనెటిక్ మార్పంటే జన్యువు చెడిపోవడమే.

వాస్తవం: డీఎన్‌ఏ అక్షరాలు ఒక్కటీ మారవు. సైటోసిన్ అనే అక్షరానికి మిథైల్ అనే చిన్న రసాయన గుంపు అతుక్కుంటుంది. దీన్నే మిథైలేషన్ అంటారు. జన్యువు మొదట్లోని ప్రమోటర్ భాగంలో అది దట్టంగా చేరితే, సాధారణంగా ఆ జన్యువు మూగబోతుంది. బీరాఫ్, టెర్ట్ జన్యువుల్లో వెతికేది ఉత్పరివర్తనల కోసం, అంటే అక్షరాలే మారిపోయాయా అని. ఆ పరీక్ష వేరు. చాలామంది ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తారు.

అపోహ: మిథైలేషన్ కనిపిస్తే క్యాన్సరే.

వాస్తవం: అసలు చిక్కంతా ఇక్కడే. కణితులను అణచి ఉంచే ఆర్‌ఏఎస్‌ఎస్‌ఎఫ్1ఏ జన్యువు థైరాయిడ్ క్యాన్సర్లలో తరచు మూగబోతుంది. కానీ ప్రాణహాని లేని ఫాలిక్యులర్ అడినోమా అనే గడ్డల్లోనూ అదే మార్పు కనిపిస్తుంది. ఒక్క జన్యువును పట్టుకుని తీర్పు చెప్పలేం. అందుకే డీఎన్‌ఏలో అనేక చోట్ల మిథైలేషన్‌ను కలిపి చదివే పద్ధతులపై పరిశోధన సాగుతోంది.

సూది పరీక్ష ఫలితాన్ని 1 నుంచి 6 వరకు వర్గాలుగా చెప్పే పద్ధతి బెథెస్డా. వీటితో పని పడేది అందులో ఎటూ తేలని 3, 4 వర్గాల్లో. 2023 నాటి బెథెస్డా లెక్క ప్రకారం ఈ వర్గాల్లో క్యాన్సర్ అవకాశం సగటున వరుసగా 22, 30 శాతం. ఫాలిక్యులర్ గడ్డ విషయంలో కణాల రూపం చూసి ఏదీ తేల్చలేం. గడ్డ చుట్టూ ఉన్న పొరను కణాలు చీల్చుకుని వెళ్లాయా, రక్తనాళాల్లోకి చొరబడ్డాయా అన్నదే తేలుస్తుంది. ఆ సంగతి సూదికి అందదు. అది తెలుసుకోవడానికే సగం గ్రంథి తీసేసి, చివరికి ‘క్యాన్సర్ కాదు’ అని రాసివ్వడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అపోహ: రక్తం ఇస్తే చాలు.

వాస్తవం: చాలదు. రక్తంలో కణితి డీఎన్‌ఏ అత్యల్పం. ప్రస్తుతానికి సూదితో తీసిన కణాలే ఆధారం. ఆ డీఎన్‌ఏకు బైసల్ఫైట్ కలిపితే మిథైల్ లేని సైటోసిన్లు యురాసిల్‌గా మారతాయి, మిథైల్ ఉన్నవి అలాగే నిలుస్తాయి. ఆ తేడానే చదువుతాం. ఈ క్రమంలో డీఎన్‌ఏ బాగా ముక్కలైపోతుంది. సూదిలో రక్తమే తప్ప కణాలు రాకపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా ఏం చేస్తుంది? అన్నట్టు, రక్తంలో థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ బాగుందని ధీమా పడకండి. ఈ క్యాన్సర్ ఉన్న చాలామందికి అది మామూలుగానే ఉంటుంది.

అపోహ: ఈ మార్పులు పిల్లలకూ వస్తాయి.

వాస్తవం: ఇవి ఆ కణితిలో పుట్టినవే. వంశపారంపర్యంగా వచ్చేదానికి ఉదాహరణ, మెడుల్లరీ అనే థైరాయిడ్ క్యాన్సర్ రకంలో కొందరికి ఉండే రెట్ జన్యువు ఉత్పరివర్తన.

అపోహ: గడ్డ ఉన్నవారందరూ చేయించుకోవాలి.

వాస్తవం: ముందు మీ రిపోర్టులో బెథెస్డా అంకె చూడండి. 2 (క్యాన్సర్ కాదు) అయితే సాధారణంగా అల్ట్రాసౌండ్‌తో గమనిస్తే సరిపోతుంది. 6 (క్యాన్సర్) అయితే క్యాన్సర్ అని తేల్చడానికి ఇది అక్కర్లేదు; సర్జన్‌ను కలవండి.