గ్లాసు నీళ్లలో కనిపించే గండి

మట్టి కట్ట తెగిందంటే ముందు వరదనో, నాసిరకం పనినో తప్పుపడతాం. కానీ ఆస్ట్రేలియాలో రైతులు పొలాల్లో కట్టుకున్న చిన్న డ్యాములు ఎన్నో వరదేమీ రాకుండానే, మొదటిసారి నీళ్లు నిండుతుండగానే బుంగలు పడి తెగిపోయాయి. అమెరికాలో ఓక్లహోమా, మిసిసిపీల్లోనూ ఇదే జరిగింది. పోసింది ఇసుక కాదు, జిగురున్న బంకమట్టే!

బంకమట్టి కణాలు పలుచని రేకులు. వాటిపై రుణావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. మధ్యలో చేరిన ధనావేశ అయాన్లే వాటిని కలిపి ఉంచుతాయి. రెండు ఆవేశాలున్న కాల్షియం రేకుల్ని దగ్గరగా పట్టి ఉంచుతుంది. సోడియంకి ఒక్కటే ఆవేశం. దాంతో పట్టు సడలి, కదలని నీళ్లలో కూడా రేకులు విడిపోతాయి. ఎండకు కట్టలో వెంట్రుకంత పగులు వచ్చినా చాలు. మామూలు బంకమట్టి ఉబ్బి ఆ పగులును మూసుకోగలదు. సోడియం ఎక్కువున్న మట్టిలో మాత్రం పగులు గోడలే కరిగి నీళ్లతో పోతాయి.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది మరొకటి: నీళ్లు ఎంత స్వచ్ఛంగా ఉంటే ముప్పు అంత ఎక్కువ. ఉప్పునీళ్లలో గట్టిగా నిలిచిన మట్టే వాన నీళ్లకు విడిపోవచ్చు.

కణాల సైజు, జిగురు కొలిచే మామూలు పరీక్షల్లో ఈ లోపం బయటపడదు. అందుకే అమెరికాకు చెందిన డ్యాముల ఇంజనీరు జేమ్స్ షెరార్డ్ బృందం 1976లో సూదిబెజ్జం పరీక్షను ప్రచురించింది. గట్టిగా కూరిన మట్టిలో 1 మిల్లీమీటరు రంధ్రం చేసి, డిస్టిల్డ్ వాటర్ పంపి, బురద వస్తుందా అని చూస్తారు. ఇంట్లోనూ ఒకటి చూడొచ్చు. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో బఠాణీ గింజంత మట్టి బెడ్డ వేసి, కలపకుండా వదిలేయండి. బెడ్డ విరిగి కుప్పగా పడితే అది వేరే సంగతి. చుట్టూ పాలలాంటి మబ్బు కమ్మితే ఆ మట్టితో కట్ట వేయడానికి భయపడాల్సిందే. బోరు నీళ్లు వాడొద్దు, వాటిలోని లవణాలు ఈ లోపాన్ని దాచేస్తాయి. నీళ్లు తేటగా ఉన్నంత మాత్రాన నిశ్చింత లేదు, ల్యాబ్ పరీక్ష చేయించాలి.

చౌడు నేలకు మన రైతులు జిప్సం చల్లేది సోడియంని తప్పించి కాల్షియంని చేర్చడానికే. కట్ట మట్టిలోనూ జిప్సమో సున్నమో కలుపుతారు. అయినా నాకు ఎక్కువ నమ్మకం కట్ట లోపల వేసే సన్న ఇసుక పొర మీదే. బుంగలోంచి కొట్టుకొచ్చిన మట్టి ఆ ఇసుక ముఖం దగ్గర ఆగిపోయి, పేరుకుని, బుంగను తానే పూడ్చేస్తుంది.