గోబర్ గ్యాస్ స్లర్రీ: లెక్కలోకి రాని ఎరువు

పశువుల పెండ పొయ్యికి పోవాలా, చేనుకు పోవాలా అన్న తగవు పల్లెల్లో పాతదే. వరంగల్ చుట్టుపక్కల చెలక నేలలు నీటిని ఎక్కువసేపు పట్టి ఉంచలేవు కనుక వాటికి పెంట ఎరువే ఆధారం. అయితే పెండను పిడకలు చేసి కాలిస్తే అందులోని నత్రజని పొగలో కలిసిపోతుంది. పెండను గాలి చొరని తొట్టిలో మాగబెడితే వంటకు గోబర్ గ్యాస్ (బయోగ్యాస్) వస్తుందని, మిగిలే పలుచని పెండ ద్రవం, అంటే స్లర్రీ, ఎరువవుతుందని, అలా ఒకే పెండతో వంట ఇంధనం, ఎరువు రెండూ దక్కుతాయని 1930ల చివర ఢిల్లీలో వ్యవసాయ పరిశోధకులు చేసిన ప్రయోగాలు చూపాయి. 1960ల ఆరంభంలో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ ఇనుప డ్రమ్ముతో కూడిన గోబర్ గ్యాస్ ప్లాంటు నమూనాను చేపట్టింది. 1981-82లో జాతీయ బయోగ్యాస్ పథకం వచ్చింది. అంతకు ఏడాది ముందే, 1980లో, రామగుండంలో బొగ్గు ఆధారిత యూరియా కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది.

ఈ రెండూ దాదాపు ఒకేసారి వచ్చినా, రైతు ఎరువు అవసరాన్ని యూరియా బస్తా తీర్చగా, గోబర్ గ్యాస్‌ను అందరూ వంటింటి వసతిగానే చూశారు. రాయితీని ప్లాంటు కట్టడానికి ఇచ్చారు. స్లర్రీ ఏమవుతుందో పట్టించుకున్నవారు తక్కువ. అసలు లోపం ఇక్కడే జరిగిందని నా అభిప్రాయం.

రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజూ దాదాపు 50 కిలోల పెండ, అంతే నీరు కావాలి. గాలి చొరని తొట్టిలో వారాల తరబడి మాగేటప్పుడు కర్బనంలో కొంత భాగం మీథేన్‌గా, బొగ్గుపులుసు వాయువుగా వెళ్లిపోతుంది కానీ, నత్రజని దాదాపు అంతా స్లర్రీలోనే మిగులుతుంది. అందులో కొంత అమ్మోనియా రూపంలోకి మారి మొక్కకు త్వరగా అందుతుంది, అదే కారణంగా త్వరగా ఆవిరీ అవుతుంది. స్లర్రీని తెరిచిన గుంతలో మే నెల ఎండకు ఆరబెడితే ఆ లాభం చాలావరకు గాలిలో కలిసినట్లే. నీడలో ముక్కలు చేసిన పత్తి కట్టె, చొప్ప పొరల మీద పోసి మాగనిచ్చినా, సాగునీటితో కలిపి మక్క చేనుకు పారించినా, చల్లిన వెంటనే దున్నినా నష్టం తగ్గుతుంది.

తర్వాత ట్రాక్టర్లు వచ్చి దొడ్లలో ఎడ్లు తగ్గాయి. 1999లో దీపం పథకంతో గ్యాస్ సిలిండర్లు ఊళ్లకు చేరాయి. రామగుండం పాత కర్మాగారం కూడా అదే ఏడాది మూతపడి, 2021లో సహజవాయువుతో, ఏటా 12.7 లక్షల టన్నుల సామర్థ్యంతో తిరిగి మొదలైంది.

పెండను, సేంద్రియ వ్యర్థాలను గ్యాస్‌గా, ఎరువుగా మార్చడానికి 2018లో కేంద్రం తెచ్చిన గోబర్‌ధన్ పథకంతో చర్చ మళ్లీ పెండ దగ్గరికి వచ్చింది. బయోగ్యాస్ ప్లాంట్ల సేంద్రియ ఎరువు అమ్మకానికి టన్నుకు రూ.1,500 సాయాన్ని 2023లో ఆమోదించారు. స్లర్రీ బరువులో 90 శాతానికి పైగా నీరే కనుక దూరం మోస్తే కిరాయి గిట్టదు. ఈ సాయం అందుకే అవసరం. కానీ అది అమ్మకానికి వచ్చే ఎరువుకే వర్తిస్తుంది. రైతు తన దొడ్డి నుంచి తన చేనుకే తరలించుకునే స్లర్రీ నేటికీ ఏ లెక్కలోనూ లేదు.