పాఠం కన్నా ముందే మెటీరియల్: పదో తరగతి ఇంగ్లిషు వెనక కథ

సంక్రాంతి సెలవులు ముగిశాయంటే నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఉన్నత పాఠశాలల్లో పదో తరగతి ఇంగ్లిషు పాఠ్యపుస్తకం సంచిలోకి పోతుంది. ముఖ్య ప్రశ్నలు, జవాబుల నమూనాలున్న జెరాక్సు మెటీరియల్ బల్ల మీదికి వస్తుంది. ఇది ఈ మధ్య పుట్టిన అలవాటు కాదు.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు 1840లో నెల్లూరు చేరారు. 1866లో అదే మిషన్‌కు చెందిన జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డారు. వారి వెంట బడులూ వచ్చాయి. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక ఇంగ్లిషు పరీక్ష గట్టెక్కినవాడికే సర్కారు కొలువు దక్కేది. పాఠాన్ని తెలుగులో చెప్పడం, కఠిన పదాలకు అర్థాలు రాయించడం, జవాబులు వల్లె వేయించడం అప్పుడే పాతుకుపోయాయి. ఆ భాషలో మాట్లాడే అవసరం ఊళ్లో ఎవరికీ లేదు, పరీక్షలో రాసే అవసరం మాత్రం అందరికీ ఉంది.

ఈ పద్ధతిని మార్చాలన్న ప్రయత్నాలు జరగకపోలేదు. ఇంగ్లిషు టీచర్ల శిక్షణ కోసం 1958లో హైదరాబాదులో కేంద్ర ఇంగ్లిషు సంస్థను పెట్టారు. కానీ ఆ శిక్షణ కొందరికే అందింది, గైడు అందరికీ అందింది. ఆరో తరగతిలో ఏబీసీడీలు దిద్దిన తరానికి అదే రెండో టీచరు.

కోచింగ్ చదువులకు నెల్లూరు పుట్టిల్లు లాంటిది. నారాయణ సంస్థలు 1979లో ఇక్కడే చిన్న కోచింగ్ కేంద్రంగా మొదలయ్యాయి. ఇంజినీరింగ్, మెడిసిన్ ప్రవేశ పరీక్ష ఎంసెట్ ర్యాంకులో ఇంగ్లిషుకు వాటా ఉండేది కాదు. అందుకే తల్లిదండ్రుల దృష్టిలో అది పాసైతే చాలనుకునే సబ్జెక్టుగా మిగిలింది, అందులోని కథలూ కవితలూ మరీ వెనక్కి పోయాయి.

తర్వాత మార్పులు ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. 2008లో సక్సెస్ స్కూళ్ల పేరుతో సర్కారు హైస్కూళ్లలో ఇంగ్లిషు మీడియం సెక్షన్లు తెరిచారు. 2014లో పదో తరగతికి కొత్త పుస్తకాలు ఇచ్చారు. కరోనా వల్ల 2020, 2021 సంవత్సరాల్లో పదో తరగతి పరీక్షలే జరగలేదు. 2019లో 94.88 శాతం ఉన్న రాష్ట్ర ఉత్తీర్ణత 2022లో 67.26కు పడిపోయింది. బడి మూతపడిన రెండేళ్ల లోటు అలా బయటపడింది. అప్పటినుంచి వెనకబడిన పిల్లలకు ప్రత్యేక మెటీరియల్ ఇవ్వడం తప్పనిసరి పనిగా మారింది. 2024-25లో కేంద్ర పాఠ్యపుస్తకాల సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు రాగానే ఆ మెటీరియలూ కొత్త అట్ట వేసుకుంది.

ఆ కొత్త ఇంగ్లిషు పుస్తకంలోనే, నాజీల నుంచి దాక్కుని డైరీ రాసిన యూదు బాలిక అన్నే ఫ్రాంక్ డైరీ పాఠం ఉంది. తరగతిలో కబుర్లు ఎక్కువయ్యాయని లెక్కల మాస్టారు శిక్షగా వ్యాసం రాయమంటారు, ‘వాగుడుకాయ’ మీద. అన్నే తన వాగుడుకు తల్లి పోలికే కారణమని, వంశపారంపర్యంగా వచ్చినదాన్ని తానేమీ చేయలేనని వాదిస్తుంది. మూడోసారి పద్యమే కట్టేస్తుంది. మాస్టారు నవ్వి, మిగతా తరగతులకూ చదివి వినిపిస్తారు. పదిహేనేళ్ల పిల్లలకు ఇంతకంటే దగ్గరి పాఠం దొరకదు. అయినా పరీక్షలో డైరీ రాయమంటే మన పిల్లలు ఏం రాస్తున్నారు? తేదీ, వారం, సమయం, ప్రియమైన డైరీ, ఈ రోజు నా జీవితంలో మరువలేని రోజు, చివర శుభరాత్రి. మధ్యలో సంఘటన ఒక్కటే మారుతుంది. ఏ బడిలో చూసినా ఇదే అచ్చు. లేఖకూ సంభాషణకూ ఇలాంటి అచ్చులే ఉన్నాయి.

మెటీరియల్‌ను తిట్టిపోయడం మాత్రం అన్యాయం. ఉదయగిరి, సీతారామపురం, పామూరు వైపు మెట్ట ఊళ్లలో తల్లిదండ్రులు వలస పోతే అవ్వాతాతల దగ్గర ఉండి చదువుకునే పిల్లలున్నారు. ట్యూషన్ లేదు, ఇంట్లో ఇంగ్లిషు అక్షరం తెలిసినవారు లేరు. ముప్పై అయిదు మార్కులు దాటించే ఆ నాలుగు కాగితాలు వారికి చాలా పెద్ద ఆసరా. వాటిని తయారు చేసే టీచర్లలో చాలామంది సెలవు రోజుల్లో కూర్చుని, తమ పిల్లలు ఎక్కడ తడబడతారో ఎరిగి రాస్తారు. అచ్చైన గైడుకు ఆ ఎరుక ఉండదు.

నా అభ్యంతరం వరుస మీదే. ఇప్పుడు అచ్చు ముందు, పాఠం తర్వాత. చాలాచోట్ల ఆ తర్వాత అనేది రానే రాదు. అన్నే డైరీలోంచి నాలుగు వాక్యాలు, నిరుడు అదే బడిలో ఒక పిల్ల సొంతంగా రాసిన డైరీ ముక్క, ఆ కిందే నమూనా: ఇవన్నీ ఒకే కాగితంలో పడతాయి. జెరాక్సు ఖర్చు కూడా పెరగదు.