నీలంగా ఉన్నదల్లా పాలపిట్ట కాదు: ట్రిప్పు ఫొటోల్లో పిట్టల గురించి అపోహలు, వాస్తవాలు

దసరా సెలవులు అయిపోగానే నా ఫోన్ నిండా పాలపిట్టలే. అరకు వెళ్లొచ్చిన చుట్టాలు, తెలిసినవాళ్లు, మా అపార్ట్‌మెంట్ పిల్లలు ఫొటోలు పంపిస్తారు. "పండగ పూట కనిపించింది, పాలపిట్టే కదండీ?" అని ఆశగా అడుగుతారు. వైజాగ్ చుట్టుపక్కల పిట్టల్ని చూపించడానికి జనాన్ని తీసుకెళ్లడం నా పని. ఆ ఫొటోల్లో చాలావరకు తెల్లగొంతు లకుముకిపిట్టలే ఉంటాయి. కాదని చెప్పడం నాకూ కష్టంగానే ఉంటుంది. అందుకే మళ్లీ మళ్లీ వినిపించే కొన్ని అపోహల గురించి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నీలంగా కనిపిస్తే పాలపిట్టే.

కరెంటు తీగ మీద కూర్చున్న పాలపిట్టలో నీలం అంతగా తెలియదు. రెక్కలు ముడుచుకుని ఉంటే గోధుమరంగు, ఊదా కలిసిన ఛాతీయే ముందు కంటపడుతుంది. ఎగిరినప్పుడే రెక్కల్లోంచి లేతనీలం, ముదురునీలం పట్టీలు విచ్చుకుంటాయి. లకుముకికి మాత్రం కూర్చున్నా వీపంతా మెరిసే నీలమే. కాబట్టి రంగు వదిలేసి ముక్కు చూడండి. లకుముకిది ఎర్రగా, పొడుగ్గా బాకులా ఉంటుంది. పాలపిట్టది నల్లగా, పొట్టిగా, కాస్త కాకిముక్కులా ఉంటుంది. లకుముకి గొంతూ ఛాతీ తెల్లటి తువ్వాలు కట్టినట్టు ఉంటాయి. ఫొటో ఎంత దూరంనుంచి తీసినా ఆ తెలుపు కనిపిస్తుంది.

అపోహ: తెల్లకొంగల్ని సైజును బట్టి చెప్పేయొచ్చు.

పక్కపక్కన నిలబడితే చెప్పొచ్చు. ఫొటోలో కొంగ ఒక్కటే ఉంటే దాని ఎత్తు ఎవరికి తెలుస్తుంది? జూమ్ చేస్తే చిన్నకొంగ కూడా ఫ్రేము నిండా ఉంటుంది. పెద్ద తెల్లకొంగకీ, మధ్యరకం కొంగకీ తేడా పట్టించేది నోటి గీత. ముక్కు మొదట్లో నోరు తెరుచుకునే ఆ సన్నటి గీత పెద్దకొంగలో కంటిని దాటి వెనక్కి పోతుంది. మధ్యరకంలో కంటి కిందే ఆగిపోతుంది. ముక్కు రంగును నమ్ముకుంటే మోసపోతాం, ఎందుకంటే మామూలుగా పసుపుపచ్చగా ఉండే పెద్దకొంగ ముక్కు గుడ్లుపెట్టే కాలంలో నల్లబడుతుంది. ఇక సాయంత్రం ఎండలో తీసిన ఫొటో అయితే ఏ కొంగైనా నారింజరంగు పూసుకున్నట్టే వస్తుంది. దాన్ని చూసి, గుడ్లుపెట్టే కాలంలో తలా మెడా నారింజరంగుకి మారే, గేదెల వెనక తిరిగే కొంగ అనేసుకుంటారు.

అపోహ: తల తెల్లగా ఉంటే గరుడపక్షి, ఒళ్లంతా గోధుమరంగైతే మామూలు గద్ద.

మొదటి సగం పెద్దవాటి విషయంలో నిజమే. కానీ గరుడ పిల్లలకి ఆ తెలుపు ఉండదు, అవీ గోధుమరంగులోనే ఉంటాయి. ఫిషింగ్ హార్బర్ మీద తిరుగుతున్న ఒక పిల్ల గరుడను నేనే గద్ద అని రాసుకున్నాను. ఇంటికొచ్చి ఫొటోలో తోక చూశాక దిద్దుకోవాల్సి వచ్చింది. గద్ద తోక చివర చీలి ఉంటుంది, గరుడది గుండ్రంగా ఉంటుంది. ఇక్కడా ఒక చిక్కుంది. గద్ద మలుపు తిరుగుతూ తోక పూర్తిగా విప్పితే ఆ చీలిక సాపుగా అయిపోతుంది. అందుకే ఒక్క ఫొటోతో ఆపకుండా వరసగా నాలుగైదు తీయండి. ఏదో ఒక దాంట్లో దొరుకుతుంది.

అపోహ: పేరులోనే గుర్తు ఉంటుంది.

చలికాలంలో మన బీచ్‌కి వచ్చే గల్స్ అనే సముద్రపు పిట్టల్లో బ్రౌన్ హెడెడ్ (గోధుమరంగు తలది), బ్లాక్ హెడెడ్ (నల్లతలది) అని రెండు రకాలు ఉన్నాయి. ఆ కాలంలో రెండింటి తలా తెల్లగానే ఉంటుంది, కంటి వెనక ఒక నల్లమచ్చ తప్ప. రెక్కలు విప్పినప్పుడు చూడండి. ఎదిగిన పిట్ట రెక్క కొసన నలుపు మీద తెల్లమచ్చలుంటే బ్రౌన్ హెడెడ్. రెక్క బయటి సగంలో ముందు అంచు పొడుగునా తెల్లగా ఉంటే బ్లాక్ హెడెడ్.

అపోహ: యాప్ పేరు చెప్పిందంటే ఇక తిరుగులేదు.

ఫొటో చూసి పిట్ట పేరు చెప్పే మెర్లిన్ లాంటి యాప్‌లు నేనూ రోజూ వాడతాను, మంచివి. కానీ ఎక్కడ తీశారు, ఏ రోజు తీశారు అని అవి ఊరికే అడగవు. అరకు దారిలోని అనంతగిరి కొండల్లో తీసిన ఫొటోని ఇంటికొచ్చి, వైజాగ్ పేరు పెట్టి వెతికితే జవాబు తేడాగా రావచ్చు. నాకు పంపేటప్పుడు కూడా అంతే. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత పడిపోతుంది, తేదీ, చోటు వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి. క్రాప్ చేయకండి, రంగులు మార్చకండి. పిట్ట చుట్టూ ఉన్న బురద, గడ్డి, తీగ కూడా నాకు పనికొస్తాయి.

అపోహ: మసకగా వచ్చిన ఫొటో దండగ.

దీని గురించే నాకు ఎక్కువ బాధ. ఒక మాస్టారు కొండకర్ల ఆవ అనే చెరువులో దోనె మీద తిరిగి, తెల్లకొంగ ఫొటోలు మూడు పంపారు. "బాబూ, ఇది ఏ రకమో చెప్పు" అన్నారు. మొదటి రెండూ గోడకి తగిలించుకునేంత బాగున్నాయి. కానీ కొంగ మోకాళ్ల దాకా నీళ్లలో ఉంది, తలేమో అవతలికి తిప్పుకుంది. మూడోది అది ఎగిరిపోతుండగా చెయ్యి కదిలి తీసింది. రెక్కలు తెల్లటి మరకలా ఉన్నాయి. వెనక వేలాడుతున్న నల్లటి కాళ్ల చివర మాత్రం వేళ్లు పసుపు ముద్దలో ముంచి తీసినట్టు పచ్చగా ఉన్నాయి. నల్లకాళ్లు, పచ్చటి వేళ్లు ఉన్నది మన దగ్గర మామూలుగా కనిపించే చిన్న తెల్లకొంగే. ఫోన్ చేసి చెప్తే, ఆ ఫొటో డిలీట్ చేసేద్దామనుకున్నానని అన్నారు మాస్టారు.